శస్త్రచికిత్సల లెక్కయా? చూపుల లెక్కయా?

కోతలు ముగిసి, నూర్పిళ్లు పూర్తియై, ధాన్యము గాదెలకు చేరిన పిమ్మట మన గ్రామములలో నేత్రశిబిరముల కాలము వచ్చుచున్నది. సంఘభవనపు వసారాలో బల్లలు వేయబడును. పట్టణమునుండి వచ్చిన వైద్యులు వృద్ధుల కన్నులను పరీక్షించి, శుక్లములున్నవారిని వేఱుచేసి, బండి యెక్కించి ఆసుపత్రికి గొనిపోవుదురు. రెండుమూడు దినములలో వారు నల్లని కళ్లద్దములు ధరించి తిరిగి వత్తురు. సంవత్సరాంతమున సంఘ నివేదికయందు "శిబిరము మూలమున ఇందఱికి శుక్లముల శస్త్రచికిత్స జరిగినది" అను పంక్తి యొకటి అచ్చుపడును. సర్వసభ్య సమావేశమున కరతాళధ్వనులు చెలరేగును. ఆ పంక్తి అసత్యము కాదు. అది సగము లెక్క యని మాత్రము మేము చెప్పదలచితిమి.

పరపతి వ్యవహారములలో ఈ సంగతిని మన సభ్యులకు వేఱుగ బోధింప నక్కఱలేదు. ఈ సంవత్సరము ఇన్ని లక్షలు బట్వాడా చేసితిమని చెప్పుకొను సంఘమును ఆడిటరు మెచ్చుకొనడు. ఎంత వసూలైనది, ఎంత వాయిదా మీరినది, మీరినదానికి కారణమేమి యని యడుగును. అప్పు బట్వాడా చేయుట సుళువైన పని. ఆ సొమ్ముతో రైతు పంట పండించి, బాకీ తీర్చి, నాలుగు గింజలు మిగుల్చుకొనెనా లేదా యనునదే సంఘమునకు పరీక్ష. కంటి విషయమున మాత్రము బట్వాడా లెక్కతోనే మనము తృప్తిపడుచున్నాము. శస్త్రచికిత్స జరిగిన నలువది దినములకు ఆ కన్ను ఎంత చూచుచున్నదో ఏ సంఘపు పుస్తకములోను కనబడదు.

శుక్లములకు చికిత్స మనదేశమున క్రొత్తది కాదు. సుశ్రుతసంహితయందే దాని ప్రస్తావన కలదు. తరువాతి శతాబ్దములలో సూదితో శుక్లమును కంటి లోనికి త్రోయు సంచారవైద్యులు గ్రామగ్రామమున తిరుగుచుండెడివారు. మసకబాఱిన కటకము చూపున కడ్డు తొలగి కంటి యడుగున పడగనే రోగికి ఆ క్షణముననే వెలుతురు కనబడును. వైద్యుడు వ్రేళ్లు చూపి యెన్నియని యడుగును, రోగి సరిగా చెప్పును, ఊరివారు వింతపడుదురు. వైద్యుడు తన రుసుము పుచ్చుకొని, ప్రొద్దుగ్రుంకకముందే వేఱొక యూరికి సాగిపోవును. పిదప కొన్ని వారములకో మాసములకో కన్ను వాచి, లోపల పోటు పుట్టి, చూపు మాసిపోవును. అప్పటికి వైద్యుడు ఏ యూరనున్నాడో ఎవ్వరికిని తెలియదు. మదరాసు ప్రభుత్వ నేత్రవైద్యశాలకు అధికారిగా నుండిన రాబర్టు హెన్రీ ఎలియట్ అను వైద్యుడు ఇట్టి సూదివైద్యము పొందిన కన్నులను వందలకొలది పరిశీలించి, 1917లో లండను నగరమున ఆ విషయమై ఉపన్యాసము లొసగెను. ఆనాడు మన కోస్తా, రాయలసీమ జిల్లాలు మదరాసు రాజధానిలోనివే. సంచారవైద్యుని లెక్క ప్రకారము అతని చికిత్స లన్నియు జయప్రదములే. ఏలయనగా అతడు లెక్కించినది సూది గ్రుచ్చిన నాటి చూపును. ఎలియట్ లెక్కించినది తరువాత మిగిలిన చూపును.

నేటి చికిత్సకును ఆ సూదివైద్యమునకును హస్తిమశకాంతరము కలదు. 1949 నవంబరు 29వ తేదీన లండనులోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో హెరాల్డ్ రిడ్లీ అను వైద్యుడు మొట్టమొదట మనుష్యుని కంటిలో కృత్రిమ కటకమును అమర్చెను. యుద్ధవిమానముల కిటికీల ప్లాస్టిక్ ముక్కలు వైమానికుల కన్నులలో గ్రుచ్చుకొనియు వాపు పుట్టింపకుండుట గమనించి, అట్టి పదార్థముతోనే అతడు కటకమును చేయించెను. కటకపు శక్తి కుదురకపోవుటచే మొదటి రోగికి దూరపుచూపు మిక్కిలి మసకగానే యుండెను. కటకము అమరుట వేఱు, చూపు అమరుట వేఱు అను సంగతి ఆ మొదటి దినమునుండియు ఉన్నదన్నమాట. మనదేశమున 1994 మొదలు 2002 వఱకు ప్రపంచబ్యాంకు సాయముతో ఏడు రాష్ట్రములలో శుక్లాంధత్వ నివారణ పథకము నడచినది. వానిలో ఆంధ్రప్రదేశము నొకటి. ఆ కాలముననే కటకము నమర్చు పద్ధతి గ్రామీణులకును అందుబాటులోనికి వచ్చెను. అంతకు పూర్వము శుక్లము తీసి దళసరి కళ్లద్దము లిచ్చి పంపెడివారు. ఆ యద్దములు పగిలినను పోయినను ఆ వృద్ధుడు మరల గ్రుడ్డివాడే; నివేదికలో మాత్రము అతడు చూపు వచ్చినవాడే.

నేడు చిన్న గాటుతో, చాలమందికి కుట్టు నవసరము లేకుండ, కొలది నిమిషములలో చికిత్స ముగియుచున్నది. అనుభవశాలియగు వైద్యుని చేత, శుద్ధమైన ఆసుపత్రిలో, ఇతర రోగములు లేని కంటికి జరుగు శుక్లచికిత్స కంటె క్షేమకరమైన శస్త్రచికిత్సలు అరుదు. ఈ మాటను మేము ముందుగనే స్పష్టముగ చెప్పుచున్నాము. ఈ వ్యాసము చదివి చికిత్స మానుకొనువాడు మా మాటను తలక్రిందుగ చదివినవాడగును.

ఇక కొలత సంగతి. ఆఱు మీటర్ల దూరమున గోడకు వ్రేలాడు అక్షరముల పటమును సభ్యు లందఱు చూచియుందురు. ఆరోగ్యమైన కన్ను పదునెనిమిది మీటర్ల నుండి చదువగలిగిన అక్షరమును మన కన్ను ఆఱు మీటర్లకు వచ్చినగాని చదువలేకపోయిన, ఆ చూపును 6/18 అందురు. అఱువది మీటర్ల యక్షరమును ఆఱింటికి వచ్చి చదివిన 6/60. శుక్లచికిత్స జరిగిన కన్నులలో నూటికి 80కి తక్కువ కాకుండ 6/18 గాని అంతకు మేలైన చూపు గాని యుండవలె ననియు, 6/60 కంటె తక్కువ చూపు మిగిలినవి నూటికి 5కు మించరాదనియు ప్రపంచ ఆరోగ్యసంస్థ వారు నిర్ణయించిరి. 1996 మొదలు 2000 వఱకు ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థవారు హైదరాబాదు నగరమునను, పశ్చిమగోదావరి, ఆదిలాబాదు, మహబూబునగరు జిల్లాల గ్రామములందును ప్రజల కన్నులను పరీక్షించిరి. అప్పటికి చికిత్స పొందియున్న కన్నులు ఈ కొలతకు చాల దిగువననే యుండెను. చికిత్సవలన గలిగిన ఉపద్రవములును, తగిన కళ్లద్దములు లేకపోవుటయు అందుకు ముఖ్య కారణములలోనివి. కటకములు వచ్చిన పిదప పరిస్థితి చాల మెరుగైనది గాని, ఆ పరిశోధన నేర్పిన పద్ధతి పాతబడలేదు: ఆసుపత్రి గుమ్మమున గాక ఇంటి గుమ్మమున లెక్కింపవలెను. 2021లో ప్రపంచ ఆరోగ్యసభ వారును ఈ మార్గమునే అంగీకరించిరి. చికిత్స కావలసినవారిలో ఎందఱు చికిత్స పొంది మంచి చూపు కూడ కలిగియున్నారో చూచి, ఆ పాలును 2030 నాటికి నూటికి 30 వంతున పెంచవలెనని తీర్మానించిరి. చికిత్స పొంది చూపు రానివాడు ఆ లెక్కలో చేరడు.

చూపు రాకపోవుటకు కారణములు పలువిధములు. కొన్ని చికిత్సకు ముందే యున్నవి. నీటికాసులవలన నరము దెబ్బతిన్నవానికి, మధుమేహమువలన కంటి వెనుకపొర చెడినవానికి శుక్లము తీసినను పూర్తి వెలుగు రాదు. కిటికీ తుడిచినంత మాత్రమున గది లోపలి దీపము వెలుగదు గదా. ఈ సంగతి ముందుగా చెప్పిన రోగి సమాధానపడును. చెప్పనిచో డాక్టరు కన్ను పోగొట్టెనని యూరంత చాటును. చక్కెర పరీక్ష, రక్తపు పోటు పరీక్ష, కంటిలోని ఒత్తిడి పరీక్ష జరుగకుండ ఎవ్వరును బల్ల యెక్కరాదు.

మఱియొకటి "శుక్లము ముదరనిమ్ము" అను పాతమాట. పూర్వపు పద్ధతిలో పండిన శుక్లము నొక్కటిగా తీయుట సుళువుగా నుండెడిది. నాటి వైద్యులే ఆ మాట చెప్పిరి. పద్ధతి మాఱినది, మాట మాఱలేదు. ముదిరిన శుక్లము గట్టిపడును, తీయుట కష్టమగును, దాని నానుకొనియున్న పలుచని పొర చిరుగు ప్రమాదము పెరుగును. పొర చిరిగినచో కంటిలోని జిగురుద్రవము ముందునకు వచ్చుట, శుక్లపు తునక వెనుకకు జాఱుట సంభవించి రెండవ చికిత్స అవసరము కావచ్చును. అతిగా ముదిరిన శుక్లము తనంతట తానే కరగి, కంటిలో ఒత్తిడి హెచ్చి, తీవ్రమైన పోటుతో కన్ను పోవుటయు కలదు. దినకృత్యములకు చూపు చాలనప్పుడే, అనగా దారి, డబ్బు, మొగములు పోల్చుకొనుట కష్టమైనప్పుడే పోవలెను. వేసవిలో కన్ను కోయించుకొనరాదను నమ్మకమును ఇట్టిదే. రైతునకు తీరిక వేసవిలోనే. ఆ తీరికను పాత నమ్మకమునకు బలియిచ్చి, నాట్లనాడు ఆసుపత్రికి పోయి, మూడవనాడు మడిలో దిగినవారు మన యెఱుకలో లేకపోలేదు.

ఇంక అన్నింటికంటె భయంకరమైనది కంటిలోపల చీముపట్టుట. మంచి ఆసుపత్రులలో ఇది వేయిమందిలో ఒకరికైనను రాదు. కాని వచ్చినచో గంటల మీద కన్ను పోవును. అదియు ఒకేదినమున ఒకేద్రవముతో కడిగిన కన్నులన్నింటికి ఒక్కసారిగా రావచ్చును. ఉత్తరప్రదేశములోని ఖుర్జాలో 1986లో జరిగిన శిబిరమున 108 మందికి శస్త్రచికిత్సలు జరుగగా, అందు 88 శుక్లములవి. వారిలో 84 గురు చికిత్స జరిగిన కంటి చూపును శాశ్వతముగ కోల్పోయిరి. కంటిని కడుగుటకు వాడిన ఉప్పునీటి ద్రవమే బహుశః కారణమని విచారణలో తేలెను. 1989లో సుప్రీముకోర్టు వారు, అంతకు ముందిచ్చిన 5,000 రూపాయలు గాక ఒక్కొక్కరికి 12,500 రూపాయలు చెల్లింప నాజ్ఞాపించిరి. ఒక కంటి వెల అంతయేనా యని యడుగువారు అడుగవచ్చును. దూరపు మాట యనుకొనుటకును వీలులేదు: 2016 జూను నెలాఖరున హైదరాబాదు నగరములోని ప్రభుత్వ నేత్రవైద్యశాలయందు కడుగుద్రవము కలుషితమైయుండుటచే పలువురి కన్నులకు చీముపట్టినది.

ఖుర్జా వంటి దుర్ఘటనల పిదప పాఠశాలలలోను సత్రములలోను తాత్కాలికముగ బల్లలు వేసి కన్నులు కోయు పద్ధతి విడనాడబడినది. శిబిరమున పరీక్ష మాత్రమే జరుగవలెను. శస్త్రచికిత్స ఆసుపత్రి గదిలోనే జరుగవలెను. ఎంతటి దాత వచ్చి ఎంతటి సౌకర్యము చూపినను ఈ విషయమున సంఘములు మెత్తబడరాదు. చికిత్సాంతమున కంటిలోనికి మాక్సిఫ్లాక్ససిన్ అను మందు నెక్కించు పద్ధతియు నేడు వ్యాపించుచున్నది. మధురయందలి అరవింద నేత్రవైద్యశాలల వారు 20 లక్షల చికిత్సల లెక్కను 2019లో ప్రకటించిరి. మందు ఎక్కింపని కన్నులలో పదివేలకు 7 వంతున చీముపట్టగా, ఎక్కించిన కన్నులలో పదివేలకు 2 మాత్రమే చీముపట్టెను. ఇరువదిలక్షల కన్నులను చికిత్స తరువాత గూడ విడువక గమనించి, లెక్క వ్రాసిరి గనుకనే ఈ సంగతి లోకమునకు తెలిసినది. మనము వారితో పోటీపడ నక్కఱలేదు. ఒక గ్రామపు నలువది కన్నుల లెక్క వ్రాయలేమా?

చికిత్సనాడు కొంచెము గరగర, కొంచెము నీరు కారుట సహజము. అవి దినదినము తగ్గవలెను. తగ్గుటకు మాఱుగా పోటు హెచ్చినను, కన్ను మఱింత ఎఱ్ఱబాఱినను, ఱెప్ప వాచినను, ముఖ్యముగా నిన్న కనబడినది నేడు మసకబాఱినను తెల్లవాఱువఱకు ఆగరాదు. ఆ రాత్రియే ఆసుపత్రికి పోవలెను. కంటిలోనికి నేరుగ మందు నెక్కించిన కొన్ని కన్నులు నిలుచును. రెండుదినములు పసరు పిండి చూచి పోయిన కన్ను నిలుచుట అరుదు. కంటి ముందర మెఱుపులు మెఱసినను, నల్లని నలుసులు ఒక్కసారి గుంపుగా తేలినను, ఒకవైపునుండి తెర దిగినట్లున్నను వెనుకపొర ఊడుచున్నదని యెఱుగవలెను. ఇది చికిత్స జరిగిన నెలలకో, ఏండ్లకో కూడ రావచ్చును. దీనిలో నొప్పి యుండదు. అందుచేతనే జనులు తాత్సారము చేయుదురు.

మేము ప్రధానముగ చెప్పదలచినది ఆసుపత్రినుండి ఇంటికి వచ్చిన తరువాతి నలువది దినముల సంగతి. వైద్యులు చుక్కలమందు దినమున కిన్నిమార్లని, వారమువారమునకు తగ్గించుచు నాలుగైదు వారములు వేయుమని చీటీ వ్రాసి ఇత్తురు. మఱునాడొకసారి, వారమున కొకసారి, నెల దాటిన పిదప ఒకసారి వచ్చి చూపించుకొనుమందురు. ఈ చివరి దర్శనముననే కళ్లద్దపు శక్తి నిర్ణయింతురు. రైతు ఇంటిలో ఈ చీటీ ఏమగుచున్నది? వృద్ధునికి తనంతట తాను చుక్కలు వేసికొన చేతగాదు. కోడలు కలుపునకు పోవును. కొడుకు మందుకొట్టుటకు పోవును. మనుమడు బడికి పోవును. ఇంటనుండునది వృద్ధురాలు, ఆమెకు చీటీలోని అక్షరములు కనబడవు. చుక్క కంట పడినదో చెంప మీద పడినదో చెప్పువారు లేరు. పదిదినములకు చూపు బాగుండుటచే మందుతో పనియేమి యని మానివేయుదురు. పశువులపాకలో చెత్త యెత్తుదురు, కల్లములో తూర్పార పట్టుదురు, తల వంచి బస్తా లేపుదురు. ఒంటరిగా బ్రతుకు విధవరాండ్ర సంగతి చెప్పనే యక్కఱలేదు. అట్టివారి యింటి పొరుగువారిలో చుక్కలు వేయువారొకరిని చికిత్సకు ముందే యేర్పఱుపనిదే వారిని బండి యెక్కింపరాదని మా యభిప్రాయము.

మరల చూపించుకొనుటకు పోకపోవుటకు కారణము అజ్ఞానమని పట్టణవాసులు తేలికగ చెప్పుదురు. మేమట్లు తలపము. శస్త్రచికిత్స ఉచితమే, పోవు బండి ఉచితమే. రెండవమారు పోవుటకు బస్సు ఛార్జీ ఉచితము కాదు. తోడు వచ్చు కొడుకు పోగొట్టుకొను దినకూలి ఉచితము కాదు. ఆసుపత్రి వరుసలో మధ్యాహ్నము దాటినపిమ్మట హోటలులో తిను భోజనము ఉచితము కాదు. కన్ను బాగుగ నున్నదని తోచినప్పుడు ఈ వ్యయమునకు ఎవ్వడు సిద్ధపడును? మనమైనను పడుదుమా? చూపు సగము వచ్చినను అదియే భాగ్యమనుకొని, అఱవైయొవ పడిలో ఇంతే యని సరిపెట్టుకొనువారు పెక్కురు. నెల దాటిన పిదప ఇయ్యవలసిన రెండువందల రూపాయల కళ్లద్దము లేక, వేలు ఖర్చయిన చికిత్స సగము వృథా యగుచున్నది.

మిగిలిన చుక్కలసీసా కథ వేఱు. దానిని దూలము మీద దాచి, మఱొకరి కన్ను ఎఱ్ఱబడినప్పుడు వేయుదురు. శుక్లచికిత్స పిదప ఇచ్చు చుక్కలలో సాధారణముగ స్టెరాయిడ్ మందుండును. వరియాకు కోసికొన్న కంటికి, ఊక పడిన కంటికి ఆ మందు వేసినచో మొదట ఎఱుపు తగ్గినట్లు కనబడును. లోపల బూజు పెరిగి నల్లగ్రుడ్డు మీద పుండై, తెల్లని పువ్వుగా మిగులును. అట్టివారికి చచ్చినవారి కంటినుండి తీసిన పారదర్శకపు పొరను అతుకు చికిత్స కలదు. కాని అది శుక్లచికిత్స వంటి సుళువైనది కాదు. ఏండ్లు గడచినను శరీరము ఆ పొరను త్రోసిపుచ్చవచ్చును. ఎఱుపు, వెలుతురు చూడలేకపోవుట, మసక, నొప్పి, వీనిలో ఏది కనబడినను ఆనాడే పోవలెను. ఒక సీసా మందును సకాలమున పాఱవేసిన ఇంత ప్రయాసము తప్పును.

ఉపద్రవము కానిదానిని ఉపద్రవమని భ్రమించుటయు కలదు. చికిత్స జరిగిన కొన్ని నెలలకో రెండుమూడేండ్లకో చూపు మెల్లగా మసకబాఱిన, "శుక్లము మరల వచ్చినది, ఆ డాక్టరు సరిగా తీయలేదు" అందురు. తీసిన శుక్లము మరల రాదు. కటకమును నిలుపుటకై ఉంచిన పలుచని పొర మసకబాఱుటయే ఇది. కత్తి అక్కఱలేదు; లేజరు కిరణముతో ఆ పొర నడుమ చిన్న సందు చేసినచో చాలమందికి ఒకటి రెండు దినములలో చూపు తేటపడును. ఈ చిన్న సంగతి తెలియక ఏండ్లతరబడి మంచమునకు అంటుకొనియున్నవారు గ్రామముల కలరు. వారిని వెదకి పట్టుకొనుట క్రొత్త శిబిరము పెట్టుటకంటె చౌక.

వృద్ధుల మాట ఇట్లుండ, కళ్లద్దములు మాన్పించుటకై లేజరు చికిత్స చేయించుకొను యువకుల సంగతి కూడ నాలుగు మాటలు చెప్పవలసియున్నది. పట్టణములలో చదువుకొను మన పిల్లలు అందుకై ఇంటికి డబ్బు వ్రాయుచున్నారు. కంటి నల్లగ్రుడ్డుపై పారదర్శకముగ నుండు పొరను సవరించి, దూరపుచూపు చక్కజేయుట ఈ చికిత్స స్వరూపము. దీనికి మూలమైన ఎక్సైమర్ లేజరు శరీరపు కణజాలమును కాల్పకయే సన్నగ చెక్కగలదని 1981లో అమెరికాలో కనిపెట్టినవారిలో మదరాసు విశ్వవిద్యాలయమున చదివిన రంగస్వామి శ్రీనివాసన్ ఒకడు. తగిన కన్నులకు ఈ చికిత్స మంచి ఫలితము నిచ్చుచున్నది. అయినను చూపు చికిత్సల ఫలితము తొలినాటి చూపుతో తేలదని చరిత్ర రెండుమార్లు చూపినది. జపానులో సాటో అను వైద్యుడు 1940ల ప్రాంతమున హ్రస్వదృష్టికి ఆ పొర వెనుకవైపున గాట్లు పెట్టెను. ఇరువది యేండ్ల పిదప ఆ కన్నులలో పెక్కు నీరుపట్టి మసకబాఱెను. తరువాత పొర పైవైపున గాట్లు పెట్టు పద్ధతి వచ్చెను. అమెరికా వారు అట్టి కన్నులను పదియేండ్లు వెంబడించి 1994లో ప్రకటించిన లెక్కలో, నూటికి 43 కన్నులు వ్యతిరేకదిశగ, అనగా దీర్ఘదృష్టి వైపునకు, ఒక డయాప్టరు గాని అంతకు మించి గాని మాఱియుండెను. తొలి సంవత్సరపు లెక్కతో ఆగియున్నచో ఇది బయటపడెడిది కాదు.

లేజరు ఆ గాట్లవంటిది కాదు. అయినను పదునెనిమిదేండ్లు నిండక, కళ్లద్దపు శక్తి కనీస మొక సంవత్సరము మాఱకుండ నిలువక ఈ చికిత్స చేయించుకొనరాదు. పొర పలుచనగా నున్నవారికి, శంకువువలె ముందునకు ఉబ్బు స్వభావము గలవారికి ఇది పనికిరాదు. కొలతలు తీయకుండ ఒప్పుకొను చోటికి పోరాదు. కొన్ని నెలలు కన్ను పొడిబాఱుట, రాత్రి దీపముల చుట్టు వలయములు కనబడుట చాలమందికి కలుగును, కొందఱికి నిలిచిపోవును. రాత్రివేళ లారీ నడుపువాడు ఇది ముందే యోచింపవలెను. నలువది దాటిన పిదప దగ్గఱి చదువునకు కావలసిన కళ్లద్దమును ఈ చికిత్స తప్పింపదు. ఉద్యోగ నియామకముల కొఱకు చేయించుకొనదలచువారు ఆ యుద్యోగపు నియమములను ముందు చదువవలెను. చికిత్సకు పూర్వపు కొలతల కాగితమును భూమి పత్రములతోపాటు భద్రపఱుపవలెను. ముప్పదియేండ్ల తరువాత శుక్లము వచ్చినప్పుడు కటకపు శక్తి నిర్ణయించుటకు ఆ కాగితము ఎంతయు తోడ్పడును.

ఉపద్రవములను గూర్చి ఇంత వ్రాసిన జనులు భయపడి శిబిరములకు రారని కొందఱు పెద్దలు మాతో వాదించిరి. వారి భయము నిర్హేతుకము కాదు. కాని గ్రామమున భయము పుట్టించునది పత్రిక కాదు. వీధిలో కూర్చున్న ఒక్క చెడిన కన్ను, కారణ మెవ్వరును చెప్పనిది, ఇరువదిమందిని ఇంటనే కూర్చుండబెట్టును. ఆ కన్ను నీటికాసులవలన పోయెనా, చుక్కలు మానుటచే పోయెనా, కటకము సరిపడకపోయెనా, లేక ఆసుపత్రివారి లోపమా అని తెలిపినచో ఆ యిరువదిమందిలో పదునెనిమిది మంది లేచి వత్తురు. లోపము ఆసుపత్రిదే యైనచో ఆ సంగతి గూడ వ్రాతపూర్వకముగ అడుగు హక్కు సంఘమునకు కలదు. ఒంటరి వృద్ధునికి ఆ ధైర్యముండదు. తెలంగాణమున 2018లోను, ఆంధ్రప్రదేశమున 2019లోను ఆరంభమైన కంటివెలుగు కార్యక్రమములవలన ఇంటిదాపున కన్ను చూపించుకొను అలవాటు మనవారికి కలిగినది. ఆ యలవాటును చివరివఱకు నిలుపుటయే ఇపుడు కావలసినది.

కాబట్టి శిబిరమునకు స్థలమిచ్చు ప్రతి సంఘమును ఒక పుస్తకము తెఱవవలెను. అందు సభ్యుని పేరు, ఏ కన్ను, చికిత్సకు ముందు ఎంత చూపు, ఏ తేదీన చికిత్స, కటకపు కార్డు సంఖ్య, వారమునకు చూపు, నలువదవ దినమున కళ్లద్దముతో చూపు, తక్కువైనచో కారణము వ్రాయబడవలెను. ఈ లెక్క లిచ్చుటకు అంగీకరింపని ఆసుపత్రితో శిబిరము పెట్టరాదు. కార్యదర్శి పేర రాత్రివేళ పలుకు ఆసుపత్రి టెలిఫోను సంఖ్య యుండవలెను. అది సంఘభవనపు తలుపు మీద గూడ వ్రాయవలెను. శిబిరపు తేదీని దాత సౌకర్యమును బట్టి గాక పంటల తీరికను బట్టి, తరువాతి నలువది దినములలో నాట్లు గాని కోతలు గాని పడకుండునట్లు నిర్ణయింపవలెను. అన్నింటికంటె ముఖ్యముగా, గొనిపోయిన బండియే ఏడవనాడును నలువదవనాడును మరల గొనిపోవలెను. దాత ఒక దినపు బండికే డబ్బిచ్చెదనన్నచో, సంఖ్య తగ్గించి అయినను మూడు ప్రయాణములు జరుపవలెను. అఱువదిమందిని ఒకమారు పంపుటకంటె ఇరువదిమందిని మూడుమార్లు పంపుట మేలని మేము నిశ్చయముగ చెప్పుచున్నాము. నివేదికలో పంక్తి చిన్నదైనను సరే.

రాబోవు సర్వసభ్య సమావేశమున ఈ పుస్తకమును గూర్చియు, రెండు మూడవ ప్రయాణముల వ్యయమును సంఘపు సర్వోపయోగ నిధినుండి భరించుటను గూర్చియు తీర్మానము ప్రతిపాదింపబడును. అంతకుముందు సభ్యులు చేయదగిన పని యొకటి కలదు. ఇదివఱకటి శిబిరములలో శుక్లచికిత్స పొంది, నెల దాటినపిమ్మట మరల చూపించుకొననివారు, కళ్లద్దము తీసికొననివారు, చూపు మరల మసకబాఱినదని ఊరకున్నవారు తమ యింటనో పొరుగుననో ఉన్నచో, వారి పేర్లను ఈ మాసాంతములోగా కార్యదర్శికి తెలుపగోరుచున్నాము. క్రొత్త శిబిరపు బండికంటె ముందు వారి బండి బయలుదేరును.